హిప్ ప్రొటెక్టర్ కొనాలా వద్దా? బెంగళూరు జయనగర్ సర్జికల్ షాపులో అమ్మ కోసం కొన్న సామాన్ల మీద నా రివ్యూ

ముందు రేటింగులు చెప్పేస్తా, అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. హిప్ ప్రొటెక్టర్ నిక్కరుకి, అంటే పడినా తుంటి విరక్కుండా పక్కల ప్యాడ్లు పెట్టిన నిక్కరుకి, 5కి 2.5. బాత్రూంలో గోడకి బిగించే స్టీలు గ్రాబ్ బార్లకి 5కి 5. సెన్సార్ నైట్ ల్యాంపులకి కూడా 5, ఇంకా ఎక్కువ ఇచ్చే వీలుంటే ఇచ్చేదాన్ని. కమోడ్ మీద పెట్టే రైజర్ సీటుకి 3.5. రబ్బరు మ్యాటుకి 2, అది కూడా జాలిపడి. షాపుకి 4, ఆ మిగిలిన ఒక్క మార్కు పార్కింగ్ మింగేసింది.

మాది మదనపల్లె. అమ్మకి 70 దాటాయి, నాన్న పోయాక బెంగళూరులో మా దగ్గరే ఉంటుంది, బన్నేరుఘట్ట రోడ్డు వైపు అపార్ట్‌మెంట్‌లో అద్దెకి ఉంటాం. కొన్నేళ్ళ కింద ఊళ్ళో వాకిలి కడుగుతా జారి చెయ్యి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. అక్కడ ఒక ఆసుపత్రిలో పిండికట్టు వేసి కాల్షియం మాత్రలు రాసి పంపించేశారు, కట్టు విప్పాక చెయ్యి తిరుగుతోందా అని చూసి బాగుందమ్మా పో అన్నారు. ఎముకల గట్టిదనం టెస్టు ఒకసారి చేయించండి అని ఒక్కరంటే ఒక్కరు అన్లేదు. ఇక్కడికొచ్చాక నడుం నొప్పి అని చూపిస్తే, డాక్టరమ్మ మొదట అడిగిందే ఇంతకు ముందు ఎప్పుడైనా ఎముక విరిగిందా అని, రెండోది మీ అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా అని. మా అమ్మమ్మకి విరిగింది. వెంటనే డెక్సా స్కాన్ రాసింది, ఎముకల గట్టిదనం టెస్టు అంటే అదే. తుంటి దగ్గర టీ-స్కోర్, అంటే వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి చెప్పే లెక్క, మైనస్ 2.8 వచ్చింది. మైనస్ 2.5, అంతకంటే కిందకి పోతే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని డబ్ల్యూహెచ్ఓ 1994లో గీసిన గీత, ఇప్పటికీ అందరూ అదే చూస్తారు.

డాక్టరమ్మ చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టుకుంది. యాభైల్లో అరవైల్లో ఉన్నవాళ్ళు కాలు జారితే ఇంకా చురుకు ఉంటుంది కాబట్టి చెయ్యి ముందుకి పోతుంది, మణికట్టు విరుగుతుంది. 75 దాటాక నడక మెల్లగా అవుతుంది, చెయ్యి టైముకి ముందుకి రాదు, పక్కకి కూలిపోతారు, బరువంతా తొడ పక్కన చేత్తో తడిమితే తగిలే ఆ ఎముక బొడిపె మీద పడుతుంది, తుంటి పోతుంది. అంటే మణికట్టు విరిగిందంటే చెయ్యి నయమయ్యాక మర్చిపోయే సంగతి కాదు, తర్వాత వరసలో తుంటి ఉంది అని ముందే చెప్పేసినట్టు. ఆ ముక్క మాకు ఊళ్ళోనే చెప్పుంటే ఇన్నేళ్ళు పోయేవి కాదు. సరే, ఆ రోజు ఇంటికొచ్చి నేను నెట్‌లో హిప్ ప్రొటెక్టర్ అని వెతకడం, జయనగర్‌లో దొరుకుతుందని తెలియడం, శనివారం అమ్మని తీసుకుని పోవడం జరిగాయి.

షాపు 4వ బ్లాక్ కాంప్లెక్స్‌కి నడిచిపోయేంత దూరంలో ఒక సందులో ఉంది. పేరు రాస్తే యాడ్ అంటారు కాబట్టి రాయను. బయట మడిచిన వీల్‌చైర్లు, వాకర్లు గొలుసేసి కట్టేసి ఉంటాయి, లోపల ఎయిర్ బెడ్లు, కమోడ్ కుర్చీలు, నడుం బెల్టులు, కొత్త రబ్బరు వాసన. ఓనరు పెద్దాయన కన్నడం ఆయన, కానీ తెలుగు గడగడా మాట్లాడతాడు. నేను రైజర్ సీటు చూపించండి అనగానే ఆయన అడిగింది ఏంటంటే, "బాల్ వేసినారా రాడ్ వేసినారా అమ్మా?" అని. ఏదీ వెయ్యలేదు సార్, వేయించుకునే దాకా రాకూడదనే వచ్చాం అంటే ఒక్క సెకను ఆగి నవ్వి, అలా వచ్చేవాళ్ళు తక్కువమ్మా అని స్టూల్ వేసి అమ్మని కూర్చోపెట్టాడు.

బాల్ ఏంటి రాడ్ ఏంటి అనేది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే మాకు రెండూ అయ్యాయి. మా పెద్దమ్మకి బాల్, మా కింద ఫ్లాట్ అంకుల్‌కి రాడ్. తొడ ఎముక పైన బంతి ఉంటుంది, దాని కింద సన్నటి మెడ. ఆ బంతికి రక్తం ఎక్కువగా మెడ మీదుగా పాకే సన్నటి నాళాల నుంచే అందుతుంది. పెద్దమ్మకి విరిగింది మెడ దగ్గర, ముక్క పక్కకి జరిగింది, అలా జరిగితే నాళాలు తెగిపోయి బంతికి రక్తం అందదు, ఎముక అతుక్కోకపోవచ్చు, బంతే చచ్చిపోవచ్చు. అందుకే ఆ వయసులో అతికించే ప్రయత్నం పెట్టుకోకుండా బంతి తీసేసి లోహపు బంతి వేస్తారు. అంకుల్‌కి విరిగింది మెడ కింద, రెండు బొడిపెల మధ్యన, ఇంటర్‌ట్రొకాంటరిక్ అన్నారు. అక్కడ రక్తం బాగా అందుతుంది కాబట్టి ఎముక అతుక్కుంటుంది, కాకపోతే అది నిలబడటానికి లోపల రాడ్డు, పైకి ఒక స్క్రూ. ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు కూడా వేరే. బాల్ వేసినవాళ్ళని చాలామందిని కొన్నాళ్ళు తుంటి 90 డిగ్రీలకంటే ఎక్కువ వంచొద్దు, కాలు మీద కాలు వెయ్యొద్దు, కింద కూర్చోవద్దు అంటారు, లేకపోతే బంతి గిన్నెలోంచి జారి బయటికి రావచ్చు, వాళ్ళకి ఎత్తు సీటు తప్పదు. అందుకే పెద్దాయన ఆ ప్రశ్న అడుగుతాడన్నమాట. కౌంటర్ వెనక ఉన్నాయనకి ఇంత తెలిసుండటం, అడగకుండా సామాను అంటగట్టకపోవడం నాకు నచ్చింది, 4 ఇచ్చింది దానికే.

ఇక అసలు సరుకు. హిప్ ప్రొటెక్టర్ అంటే బిగుతుగా ఉండే నిక్కరు, రెండు పక్కలా జేబులు, జేబుల్లో ప్యాడ్లు. ప్యాడ్ ఇడ్లీని అరచేత్తో నొక్కి వెడల్పు చేసినట్టు ఉంటుంది, సరిగ్గా ఆ బొడిపె మీదికి రావాలి. రెండు రకాలున్నాయి. మెత్తని ఫోమ్ రకం దెబ్బని పీల్చుకుంటుంది, గట్టి డొప్ప రకం దెబ్బని బొడిపె మీద పడనీకుండా చుట్టూ ఉన్న కండ మీదికి మళ్ళిస్తుంది. లాజిక్ చక్కగానే ఉంది. తుంటి విరిగినవాళ్ళలో నూటికి 90 మందికి పైగా పడటం వల్లే విరుగుతుంది, అందులో ఎక్కువ పక్కకి పడటమే. సన్నగా ఉన్న ఆడవాళ్ళకి ఎక్కువ విరగడానికి ఒక కారణం కూడా ఇదే, బొడిపె మీద కండా కొవ్వూ తక్కువ, దెబ్బ నేరుగా ఎముకకి తగుల్తుంది. మా అమ్మ అచ్చం ఆ కొలతే, చీర కడితే తప్ప కనపడదు.

విరిగి పడిందా పడి విరిగిందా అని మన ఇళ్ళల్లో ఒక వాదన ఎప్పుడూ ఉంటుంది, నిలబడి ఉండగానే టప్‌మంది తర్వాత కూలిపోయింది అని పెద్దమ్మ కూడా చెప్తుంది. అలా జరగడం ఉంది కానీ చాలా తక్కువట, ఎక్కువమంది విషయంలో నిలబడ్డ ఎత్తు నుంచి పడిన దెబ్బే పలచబడ్డ ఎముకకి సరిపోతుంది. ఇంకోవైపు, 65 దాటినవాళ్ళలో మూడోవంతు మంది ఏడాదిలో ఒకసారైనా పడతారు, కానీ పడిన ప్రతిసారీ తుంటి విరగదు, నూటికి ఒకటో రెండో. అంటే రెండూ కలవాలి, పలచటి ఎముకా, తుంటి పక్కకి పడటమూ. ఎముక సంగతి మందు చూసుకుంటుంది, పడే తీరు సంగతి ఈ నిక్కరు చూసుకోవాలి, ఆ ఆశతోనే కొన్నాను. మెత్తని రకం జత కొంచెం తక్కువ 4000 పడింది. ట్రయల్ రూమ్ లేదు, పరదా వేసిన ఒక మూల ఉంది, అక్కడ అమ్మ లోపలికి పోయి బయటికి రాకుండా లోపల్నించే, "ఏమ్మే పాపా, ఈ వయసులో నాకు చెడ్డీ తొడుగుతావా" అంది షాపు మొత్తం వినపడేలా. పెద్దాయన లెక్కల పుస్తకం లోంచి తల ఎత్తలేదు, పాపం మర్యాదస్తుడు.

వాడకం విషయానికొస్తే. నడుం కొలత చూసి సైజు తీసుకోవద్దు, తుంటి చుట్టుకొలత కూడా చూడాలి, లేకపోతే ప్యాడ్ ముందుకో వెనక్కో జరిగిపోతుంది, బొడిపె మీద లేని ప్యాడ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ఉతికితే ప్యాడ్లు తీసి ఉతకాలి, మళ్ళీ పెట్టేటప్పుడు కుడి ఎడమ చూసుకోవాలి. చీర కింద పక్కలకి ఉబ్బెత్తుగా కనపడుతుంది, గుడికి వేసుకుపోయిన రోజు ఎవరో లావయ్యావేమక్కా అన్నారట, ఆ రోజుతో గుడికి బంద్. బెంగళూరు చల్లగా ఉంటుందని పేరే గానీ మార్చి ఏప్రిల్ నెలల్లో ఆ బిగుతు గుడ్డ లోపల చెమటకి ఒరుసుకుపోయింది, పౌడర్ వేసినా లాభం లేదు. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. రాత్రి రెండింటికి ఒంటేలుకి లేచిన మనిషికి ఆ బిగుతు నిక్కరు కిందికి లాగడం రెండు చేతుల పని, నిద్రమత్తులో, తొందరలో, మోకాళ్ళు వంగని వయసులో. దాంతో అమ్మ రాత్రి పడుకునే ముందు విప్పి దిండు పక్కన పెట్టేస్తుంది. పడే ప్రమాదం ఎక్కువ ఉండేది సరిగ్గా ఆ వేళకే.

ఇది మా అమ్మ ఒక్కదాని మొండితనం అనుకోవద్దు. దీని మీద పెద్ద పరిశోధనలే జరిగాయి. డెన్మార్క్‌లో ఒక వృద్ధాశ్రమంలో చేసింది 1993లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, తొడుక్కున్న గుంపులో తుంటి విరగడం సగానికి పైగా తగ్గింది, ఆ గుంపులో విరిగిన కొద్దిమంది కూడా పడిన టైములో అది వేసుకుని లేరు. 2000లో ఫిన్లాండ్ వాళ్ళది వచ్చింది, అందులోనూ బాగా తగ్గింది. ఇవి చదివి నేను ఎగిరి గంతేసి కొన్నాను. కానీ తర్వాత అన్నీ కలిపి చూసిన 2014 కోక్రేన్ రివ్యూలో తేలిందేంటంటే, నర్సులు దగ్గరుండి తొడిగే ఆశ్రమాల్లో కాస్త ఉపయోగం ఉంది, ఇళ్ళల్లో సొంతంగా ఉండేవాళ్ళకి పెద్దగా తేడా లేదు, ముఖ్య కారణాల్లో ఒకటి వేసుకోకపోవడం. కాబట్టి మంచం దగ్గర ఇరవైనాలుగు గంటలు మనిషి ఉండి తొడిగి విప్పే ఏర్పాటు ఉంటే కొనండి. మతిమరుపు వచ్చి రోజంతా తిరుగుతా ఉండే పెద్దవాళ్ళున్నా కొనండి. మా అమ్మలాగా తెలివిగా ఉండి, సిగ్గుపడి, చెప్పినమాట వినని మనిషైతే ఆ 4000 బాత్రూం మీద పెట్టండి. నా 2.5లో 2 ప్యాడ్ క్వాలిటీకి, ఆ అర మార్కు ఊరికి బస్సులో పోయేటప్పుడు అమ్మే అడిగి వేసుకుంటుంది కాబట్టి.

ఇప్పుడు గ్రాబ్ బార్లు. ఒకటి కమోడ్ పక్కన ఎల్ ఆకారంలో, ఒకటి స్నానం చేసే దగ్గర నిలువుగా, స్టీలువి, పట్టు జారకుండా గీతలు ఉన్నవి, బిగింపుతో కలిపి హిప్ ప్రొటెక్టర్ కంటే తక్కువే అయింది. షాపు నుంచి ఒక అబ్బాయి వచ్చి బిగిస్తాడు. వచ్చినోడు మొదట అమ్మని కమోడ్ మీద కూర్చోమని, లేవమని, చెయ్యి దానంతట అది ఎక్కడికి పోతోందో చూసి అక్కడ పెన్సిల్ గీత పెట్టాడు, టేపు తీసింది ఆ తర్వాతే. అప్పటిదాకా అమ్మ చెయ్యి పోయింది ఎక్కడికనుకున్నారు, టవల్ రాడ్డు మీదికి. అది రెండు చిన్న స్క్రూల మీద ఉంటుంది, టవలు బరువుకి తప్ప మనిషి బరువుకి కాదు. అలాగే ఆన్‌లైన్‌లో వ్యాక్యూమ్‌తో గోడకి అతుక్కునే పిడులు చవగ్గా అమ్ముతున్నారు, టైల్‌కి డ్రిల్లు అక్కర్లేదు అని. దయచేసి కొనకండి, ఎప్పుడు ఊడుతుందో దానికే తెలీదు, మనిషి నమ్మి బరువేసిన క్షణంలో ఊడితే ఉత్త గోడ కంటే ప్రమాదం. అద్దె ఇంట్లో టైల్‌కి బెజ్జాలు పెడితే మా ఓనర్ ఆంటీ అడ్వాన్సులో కోస్తుందని మా ఆయన గునిశాడు. ఆమెకి ఫోన్ చేసి చెప్తే, పెట్టించుకో, మా అత్తగారు అక్కడే పడింది అంది. అంతకుముందు గోడకి మేకు కొట్టడానికి కూడా ఒప్పుకోని మనిషి.

సెన్సార్ ల్యాంపుల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక్కోటి 400 లోపే, ప్లగ్‌లో పెడితే చాలు, మనిషి కదిలితే వెలుగుతుంది, పోతే ఆరిపోతుంది. మంచం దగ్గర ఒకటి, నడవాలో ఒకటి, బాత్రూం తలుపు దగ్గర ఒకటి. పసుపు వెలుగు ఉన్నవి తీసుకోండి, తెల్లవి కళ్ళలో కొడతాయి, నిద్ర చెడుతుంది. మనం అనుకుంటాం పెద్దవాళ్ళు రోడ్ల మీద, ఆ విరిగిపోయిన ఫుట్‌పాత్ బండల మీద పడతారని. తుంటి విరిగేవాళ్ళు ఎక్కువగా ఇంట్లోనే పడతారు, రోజూ నడిచే జాగాలోనే. పెద్దమ్మ కరెంటు పోయిన వేళ గడప తగిలి పడింది, అది ఆవిడ కోడలిగా వచ్చిన నాటి నుంచి దాటుతున్న గడప. అంకుల్‌ది ఇంకోరకం. ప్రోస్టేట్‌కి కొత్తగా మాత్ర మొదలెట్టారు, బీపీ మాత్ర ఎటూ ఉంది, రాత్రి మంచం మీంచి గబుక్కున లేచి నిలబడ్డారు, కళ్ళు తిరిగాయి, అంతే. ఆంటీ పైకొచ్చి మమ్మల్ని లేపితే మేం పోయేసరికి ఆ కాలు రెండోదానికంటే పొట్టిగా కనపడుతోంది, పాదం బయటి వైపు తిరిగి పడుంది. అలా కనపడితే ఇంక లేపి నడిపించే ప్రయత్నం చెయ్యొద్దు. కొందరికి ఇంత స్పష్టంగా ఉండదు, గజ్జల్లో నొప్పి అంటానే నడుస్తారు కూడా, మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు, నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐలో బయటపడుతుంది.

ఇక్కడ షాపుకి సంబంధం లేని ముక్క ఒకటి. పెద్దమ్మ పడినప్పుడు మా చుట్టాల్లో సగం మంది పుత్తూరుకి తీసుకుపొండి అన్నారు. మా వైపు ఎముక విరిగిందంటే నోటికొచ్చే మొదటి మాట పుత్తూరు కట్టే కదా, బెంగళూరులో కూడా ఏ ఏరియాకి పోయినా ఆ బోర్డులు కనపడతాయి. చేతులకీ వేళ్ళకీ ఎవరి నమ్మకం వాళ్ళది, నేను వాదించను. కానీ తుంటికి బయట్నుంచి ఏ కట్టూ పట్టదు, అంత లోతులో, అంత కండ మధ్యలో ఉంది అది. కట్టు కట్టి మంచం మీద పెట్టడమంటే వీపుకి పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ళల్లో రక్తం గడ్డలు, ఒకదాని వెనక ఒకటి. తుంటి విరిగిన పెద్దవాళ్ళల్లో ఏడాది తిరిగేసరికి నూటికి 20 నుంచి 30 మంది బతికి ఉండరు, మగవాళ్ళల్లో ఇంకా ఎక్కువ. సాధ్యమైతే 24 నుంచి 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి లేపి నిలబెట్టాలని డాక్టర్లు తొందరపడేది అందుకే. 80 ఏళ్ళ మనిషికి ఆపరేషనా అని మనం తటపటాయిస్తాం, ఆ వయసుకి మంచం పట్టడమే పెద్ద ముప్పు.

రైజర్ సీటు సంగతి. కమోడ్ మీద 4 అంగుళాల ఎత్తు పెంచుతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. కానీ పక్కన క్లాంపులు లేని రకం తీసుకోవద్దు, ఊరికే పెట్టేది ఒక పక్కకి బరువేస్తే జరుగుతుంది. మాది క్లాంపు రకమే, అయినా వారానికోసారి బిగించాలి, ఇంట్లో మిగతావాళ్ళకి చిరాకు, మా వాడైతే పక్క బాత్రూంకి పోతాడు. అందుకే 3.5.

రబ్బరు మ్యాటు స్నానం దగ్గర వేశాం. కొత్తలో బాగుంది, తర్వాత అంచు లేచింది, లేచిన అంచు కాలికి తగులుతుంది, అంటే జారకుండా కొన్న వస్తువు తట్టుకుని పడేలా చేస్తుంది. పైగా కింద సబ్బు జిగురు పేరుకుంటుంది. తీసేసి పెద్దాయన చెప్పినట్టు టైల్స్ మీద గరుకు పట్టీలు అంటించాం, అవి నయం. తలుపుల దగ్గర పాత చీర మడిచి వేసే కాలిపట్టాలు కూడా ఆ రోజే తీసేశాను, అమ్మకి ఇప్పటికీ కోపమే. ఇంకోటి, తలంటు రోజు. ఉగాదికీ దీపావళికీ ఒళ్ళంతా నూనె పెట్టుకుని, నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద, తడి కాళ్ళతో. ఇప్పుడు మా ఇంట్లో నూనె పెట్టుకునేది బాత్రూం బయట స్టూల్ మీద కూర్చుని, ముందు కాళ్ళు తుడుచుకుని, తర్వాతే లోపలికి. స్నానం స్టూల్ కూడా ఈ షాపుదే, కాళ్ళకి రబ్బరు బుష్షులు ఉన్నది, ఫిర్యాదులేం లేవు.

చేతికర్ర మాత్రం పెద్దాయన అమ్మలేకపోయాడు. ఎత్తు సరిచేసి, మణికట్టు దగ్గరికి పిడి వచ్చేలా పెట్టి, ఏ కాలు నొప్పో దానికి ఎదురు చేత్తో పట్టుకోవాలమ్మా అని నడిపించి చూపించాడు కూడా. నొప్పి ఉన్న వైపే పట్టుకోవాలని నేనూ అనుకునేదాన్ని. అమ్మ చక్కగా అటూ ఇటూ నడిచి, బాగుంది, మా అక్కకి కొనివ్వండి అంది.

షాపులో దొరకనివి కొన్ని ఉన్నాయి, డబ్బు అక్కడ పెట్టే ముందు అవి చూసుకోవాలి. అమ్మ మాత్రల డబ్బా మొత్తం డాక్టరమ్మ ముందు కుమ్మరించాం. నిద్రమాత్ర ఒకటి ఎప్పుడో ఎవరో రాసింది అలానే నడుస్తోంది, అది మెల్లగా తగ్గించి ఆపించింది. పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ విడివిడిగా చూసింది, లేచి నిలబడితే ఎంత పడిపోతోందో తెలియడానికి. కంటి శుక్లం ఒక వైపు మిగిలుంది, అది చేయించాం. విటమిన్ డి తక్కువుంది, మన దేశంలో ఎండకి కొదవ లేదు, అయినా ఎక్కువమందికి తక్కువేనట. ఎముకకి ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్ ఇచ్చారు, మర్నాడు కాస్త జ్వరం ఒళ్ళునొప్పులు వచ్చి తగ్గాయి. ఈ జాతి మందులు ఏళ్ళ తరబడి ఆపకుండా వాడితే అరుదుగా తొడ ఎముక వేరే రకంగా, తుంటి కిందుగా విరగొచ్చట, ముందుగా తొడలో సన్నటి నొప్పి వస్తుంది, అలా వస్తే వెంటనే చెప్పమన్నారు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడినవాళ్ళు, చిన్న వయసులోనే నెలసరి ఆగినవాళ్ళు, పొగ, మందు అలవాటున్న మగవాళ్ళు అమ్మ వయసు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ముందే టెస్టు చేయించుకోవచ్చు. తుంటి విరిగేవాళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కువన్నది నిజమే గానీ మగవాళ్ళకి రాదని కాదు, కింద ఫ్లాట్ అంకుల్ ఇప్పుడు వాకర్‌తో లిఫ్ట్ దాకా వస్తున్నారు. ఆయనకి చెప్పింది ఏంటంటే ఒక తుంటి విరిగినవాళ్ళకి రెండోది విరిగే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ అని. వాళ్ళ గ్రాబ్ బార్లు కూడా మా అబ్బాయే వచ్చి బిగించాడు, అంటే మా అబ్బాయి కాదు, షాపు అబ్బాయి.

కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. లోపల తొడుక్కునేవి, కమోడ్ సామాన్లు ఒకసారి సీల్ తీస్తే వెనక్కి తీసుకోరు, అది బోర్డు మీద రాసే ఉంది, అందుకని ప్రొటెక్టర్ సైజు అక్కడే తేల్చుకోండి. వాకరు, వీల్‌చైరు, ఆసుపత్రి మంచం నెల అద్దెకి ఇస్తారు, అడ్వాన్సు తీసుకుంటారు, రాడ్ వేసి రెండు మూడు నెలల్లో నడిచేవాళ్ళకి కొనడం దండగ. కొనే ముందు బాత్రూం ఫోటోలు, కమోడ్ వెడల్పు కొలత ఫోన్‌లో పెట్టుకుని పోండి, పెద్దాయన చూసి ఇది మీకు పట్టదు అని చెప్పేస్తాడు, ఒక బారు అలాగే మాకు వద్దన్నాడు. ఫోన్ పే తీసుకుంటారు, బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరుస్తారు, కారు మాత్రం తీసుకుపోవద్దు, పెద్దవాళ్ళతో అయితే ఆటోలో షాపు ముందే దిగండి.